అడిగేవారికి

కాలేజీ లైబ్రరీ, కిటికీ పక్క బల్ల

చిన్నత్తా,

ఈ ఉదయం మా వీధి చివర చెప్పుల దుకాణం షట్టరు సగం లేచి ఇరుక్కుపోయింది. లోపలి మనిషి బయటికి రాలేదు. మోకాళ్ల దాకా కనిపిస్తూ అక్కడే నిలబడి బేరం ఆడుతున్నాడు. కొనడానికొచ్చినావిడ ఆ కాళ్లతోనే మాట్లాడి, ఒక జత కొనుక్కుని వెళ్లింది.

నీకు ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాళ్ల సంగతి రాశాను.

నాకు ఒక కన్సల్టింగ్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. నువ్వు పనిచేసే కంపెనీ కాదు, దాని పోటీ కంపెనీ. వాళ్లు మా కాలేజీకి రావడం ఇదే మొదలు. మళ్లీ వస్తారని ఎవరికీ నమ్మకం లేదు. రెండు విడతలు. రెండింట్లోనూ కేసే. ఎవరిదో ఒక వ్యాపారం కష్టం చెప్పి, ఏం చెయ్యాలో అక్కడికక్కడే తేల్చమంటారు. నీకు ఇదంతా తెలుసు.

పోయిన వారం కాలేజీలో నమూనా ఇంటర్వ్యూ పెట్టారు. ప్రశ్న అడగ్గానే నేను లేచి నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. కాన్వెంటులో సిస్టర్లు పేరు పిలిచినప్పుడల్లా అలాగే నిలబడ్డాను కదా, కాళ్లు వాటంతటవే లేచాయి. అందరూ నవ్వారు. తరువాత జవాబు మొత్తం మనసులో సిద్ధమయ్యేదాకా నోరు విప్పలేదు. సిద్ధమయ్యేసరికి టైము అయిపోయింది. అడిగిన ఆయన పక్కాయన వైపు తిరిగి, "అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

నాకు ఈ ఉద్యోగం కావాలి. ఎందుకో సరిగ్గా చెప్పలేను. చిక్కుపడ్డ దారం ఉండ కనిపిస్తే నా వేళ్లు ఊరుకోవు. అంతవరకే చెప్పగలను.

నీకు రాస్తున్నట్టు నాన్నకి తెలియదు. ఇంట్లో నీ మాట వస్తే ఆయన లేచి వెళ్లి గోడ గడియారానికి కీ ఇస్తారు. ఈ నాలుగేళ్లలో ఆ గడియారం ఒక్కసారి కూడా ఆగలేదు.

నాకు నేర్పుతావా? జవాబు కాలేజీ ఆఫీసు చిరునామాకి రాయి.

నీ మేనకోడలు


పేపరు మిల్లు గెస్ట్‌హౌస్, రెండో అంతస్తు

ఒసే నత్తగుల్లా,

ఆ చెప్పులవాడు నీకంటే నయం. కాళ్లు మాత్రమే చూపించి సరుకు అమ్మాడు. నువ్వు కాళ్లు చూపించి ఊరికే వచ్చేశావు.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఇక్కడ మేడమీది నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే తప్ప సిగ్నల్ దొరకదు. అంత కష్టపడి మెట్లెక్కి నీ "ఊఁ", నీ "సరే" వినాలా? రాతే మేలు. కాగితం మీద నీకు నోరుంది.

నేర్పుతాను. కానీ ముందే చెబుతున్నా, మెచ్చుకోవడం నాకు చేతకాదు. ఈ మిల్లు లెక్కలు చూడ్డానికి వచ్చాక, మేనేజరు నన్ను చూస్తే క్యాంటీన్లో బల్ల మారుతున్నాడు. నువ్వు ఏడిస్తే ఏడువు, ఉత్తరం మాత్రం తడపకు.

మొదటి కేసు. ఒకాయనకి పన్నెండు కళ్లజోళ్ల దుకాణాలున్నాయి. అమ్మకాలు పెరుగుతున్నాయి, లాభం తగ్గుతోంది. ఏం చెయ్యమంటావని నిన్ను పిలిచాడు, ఆయన లెక్కల కాగితం ఇందులోనే పెట్టాను. పుస్తకాలు మూసేసి, ఎదురుగా ఆయన కూర్చున్నట్టు ఊహించుకుని రాయి.

అన్నయ్య ఎలా ఉన్నాడని అడగను. గడియారం బాగా నడుస్తోందిగా.

చిన్నత్త


కాలేజీ లైబ్రరీ

చిన్నత్తా,

ఈ రోజు పొద్దున బస్సులో ఒక ముసలాయన కళ్లజోడు తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు. మచ్చ అద్దం మీద కాదు, కిటికీ మీద ఉంది. ఆయనకి చెప్పాలనుకున్నాను. నా స్టాపు వచ్చేసింది.

కేసు జవాబు దీనితో జతచేశాను. తొమ్మిది పేజీలు వచ్చింది. లాభం తగ్గడానికి ఏడు కారణాలు ఉండొచ్చు. ఏడింటినీ విడివిడిగా చూశాను. చౌక ఫ్రేములు ఎక్కువగా అమ్ముడవుతూ, ఉచిత మరమ్మతులకే పనివాళ్ల పొద్దంతా పోతోందని తేలింది.

నత్తగుల్ల


పేపరు మిల్లు గెస్ట్‌హౌస్

నత్తగుల్లా,

తొమ్మిది పేజీలు. జవాబు ఎనిమిదో పేజీ అడుగున, కుర్చీ కింద దాక్కున్న పిల్లిలా ఉంది. అంతవరకు ఆ దుకాణదారుడు మెలకువగా ఉంటాడా? ముందు జవాబు చెప్పు. తరువాత ఎందుకో చెప్పు. ఆయనకి ఓపికుంటే మిగతాది.

ఏడు కారణాలు రాశావు, ఏడూ ఒకే బరువు. ఇంట్లో నీళ్లు కారుతుంటే ముందు కుళాయి చూస్తావా, పునాది తవ్వుతావా?

అన్నిటికంటే పెద్ద తప్పు. ఆయనకి ఏం కావాలో నువ్వు అడగలేదు. ఆయన వచ్చే ఏడాది దుకాణాలన్నీ అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నాడు. అడిగితే చెప్పేవాడు. మరమ్మతుల పద్ధతి మూడేళ్లలో మార్చమని నువ్వు చెప్పిన సలహా ఆయనకి ఎందుకు?

లెక్క మాత్రం తప్పు లేదు. ఇది మెచ్చుకోలు కాదు, సమాచారం.

ఇక కాగితం మీద చాలు. ఇంటర్వ్యూలో వాళ్లు నీ జవాబు చూడరు, నువ్వు ఆలోచించే తీరు వింటారు. నోరు మూసుకుని ఆలోచించి, వండి వడ్డించినట్టు తెచ్చి పెడితే కుదరదు. కూరగాయలు తరగడం నుంచీ వాళ్లకి వినిపించాలి. తప్పుదోవ పడితే ఆపడానికి వాళ్లకి వీలుండాలి కదా.

నీకు ప్రశ్న పైకి చదివి అడిగే మనిషి కావాలి. వెతుక్కో. నిన్ను ముద్దు చేసేవాళ్లు పనికిరారు. నువ్వు తడబడితే జాలిపడి అందించేవాళ్లు అసలే పనికిరారు. ఇకమీదట ప్రశ్నని వేరే కవర్లో పెట్టి అంటిస్తాను. పైన "అడిగేవారికి" అని ఉంటుంది. నువ్వు తెరవకూడదు.

మొదటిది ఇందులోనే పెట్టాను.

చిన్నత్త


కాలేజీ లైబ్రరీ

చిన్నత్తా,

ఈ రోజు పొద్దున మా వంటగదిలో కుళాయి నిజంగానే కారింది. పునాది తవ్వలేదు.

మనిషి దొరికారు. నాకు తెలిసినవాళ్లలో ముద్దు చేయనివారు వారొక్కరే. అడగడానికి ఒక వారం ధైర్యం చాలలేదు. అడిగాను. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. తరువాత, "కవరు ఇటివ్వు," అన్నారు.

నీ కాగితం మీద అడిగేవారికి రాసిన మాటలు వారు పూర్తిగా చదివారు. "నవ్వకండి. తల ఊపకండి. ఆమె ఆగిపోతే అందించకండి. తప్పు చెబుతుంటే మధ్యలో అడ్డం పడండి." చదివి, "బాగా రాశారు," అన్నారు. 

ప్రశ్న మొదలవగానే నేను లేచి నిలబడ్డాను. "కూర్చో," అన్నారు. కూర్చున్నాను. మళ్లీ ప్రశ్న. మళ్లీ లేచాను. మూడోసారి వారు నా కుర్చీని గోడకీ బల్లకీ మధ్య ఇరికించి కూర్చోబెట్టారు. లేస్తే మోకాలు బల్లకి తగిలింది. అది పనిచేసింది.

మాట్లాడకుండా ఉండిపోతే వారు పెన్సిలు వెనక భాగంతో బల్ల మీద కొడతారు. ఒకసారి కొట్టి ఊరుకుంటారు. ఎక్కడున్నావు అని దాని అర్థం. "లెక్కలో ఉన్నాను," అంటే, "వినపడేలా ఉండు," అన్నారు.

చివర్లో చెప్పిన మాటలు: "గొంతు వాక్యం సగంలో దిగిపోతోంది. మిగతా సగం నీకే చెప్పుకుంటున్నావు."

ఇంకొక సంగతి. ఇకనుంచి ఉత్తరాలు ఇంటికే రాయి. కాలేజీ ఆఫీసులో ఆలస్యం అవుతున్నాయి.

నత్తగుల్ల


పేపరు మిల్లు గెస్ట్‌హౌస్

నత్తగుల్లా,

"వారు" అంటే ఎవరే? వారు, వారు, వారు. పెళ్లైన కొత్తలో మా పక్కింటావిడ మొగుణ్ని ఇలాగే అనేది. ఎవరైనా కుర్రాడా? కుర్రాడైతే పెన్సిలు పెట్టి కొట్టడు. లైబ్రేరియనా? ఆ కుర్చీ ఇరికించిన పని చూస్తే నాకు ఆ మనిషి మీద గౌరవం పుట్టింది. ఇన్నేళ్లు ఎంతమందికి నేర్పానో, ఎప్పుడూ నాకు తట్టలేదు. వారి చేతిరాతతోనే రెండు ముక్కలు రాయించి పంపు.

ఇంటికి రాయమన్నావు. అన్నయ్య చేతిలో పడితే? తలుపు దగ్గర పోస్టు తీసేది ఎప్పుడూ వాడే కదా. నీకు తెలిసే రాశావా? ఈ కవరు మీద పంపినవారి చిరునామా రాయలేదు.

నాకు కూడా చిన్నప్పుడు ప్రశ్నలు అడిగింది అన్నయ్యే. నీకు చెప్పేదేముంది, నువ్వూ విన్నదేగా. వాడు పనిచేసే ప్రెస్సులో అచ్చు ప్రూఫులు దిద్దేటప్పుడు ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూస్తారు. కామా వస్తే "కామా" అనాలి, వాక్యం అయితే "ఫుల్‌స్టాప్" అనాలి. ఆ అలవాటు వాడు ఇంటికి తెచ్చుకున్నాడు. నా పరీక్ష ప్రశ్నలు చదివినా అంతే, కరెంటు బిల్లు చదివినా అంతే. నా పెళ్లి శుభలేఖ అచ్చయి వస్తే అందరి ముందూ నిలబడి, "మా ఆహ్వానాన్ని మన్నించి, కామా, సకుటుంబంగా విచ్చేసి, కామా," అని చదివాడు. మా అత్తగారివైపు వాళ్లు భయపడ్డారు.

ఆ ప్రెస్సు సంగతి నువ్వు ఎప్పుడూ అడగలేదు. పెద్దవుతున్నావు కనక చెబుతున్నా. ఆ యజమానుల మూడు ప్రెస్సుల లెక్కలు చూసిన జట్టులో నేనున్నాను. అన్నయ్య పనిచేసేదాన్నే మూసెయ్యాలని తేలింది. అది లెక్క ప్రకారం నిజం. ఇప్పుడు మళ్లీ చేసినా అదే వస్తుంది. బయటికి చెప్పనని సంతకం పెట్టాను. ఆ వారమే మీ ఇంటికి భోజనానికి వచ్చాను, తిన్నాను, కబుర్లు చెప్పాను, వెళ్లాను. సోమవారం గేటుకి కాగితం అంటించారు. వాడు అందరితో పాటు నిలబడి చదువుకున్నాడు. కామాలతో సహా చదివి ఉంటాడు.

నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. వాడు ఇంకోలా అనుకుంటాడు. అంతే సంగతి.

కవర్లో ఆసుపత్రి కేసు పెట్టాను. మొదటి విడత దగ్గరపడింది. వారానికి మూడుసార్లు కూర్చో.

చిన్నత్త


ఇల్లు, మేడమీది గది

చిన్నత్తా,

ఈ ఉదయం అద్దం మీద తడి వేలితో "ముందు జవాబు" అని రాసుకున్నాను. ముఖం కడుక్కుని వచ్చేసరికి ఆవిరైపోయింది.

మొదటి విడత అయింది. దాటాను. అంచు మీద దాటాను. వాళ్లు చెప్పిన మాటలు ఇవి: "సమస్యని విడగొట్టడం బాగుంది. కానీ ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టుంది. ఇందులో నువ్వు ఎక్కడున్నావు?" చివరి విడతలో ఒక సీనియర్ ఉంటారట. ఆయన అందరినీ ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటి అడుగుతారట. పోయినసారి ఇంకో కాలేజీలో ఇద్దరు మధ్యలో లేచి వచ్చేశారని చెప్పుకుంటున్నారు.

ఇది నీకు ముందే రాయాల్సింది. ప్రాక్టీసు ఆగిపోయింది. ఆసుపత్రి కేసులో రోగుల వరుస ఎక్కడ ఆగుతోందో చూసి, రిజిస్టరు దగ్గర నలుగురు అక్కర్లేదు, ఇద్దరు చాలు అన్నాను. వారు పెన్సిలు కింద పెట్టారు.

"ఆ ఇద్దరూ ఏమవుతారు?" అన్నారు.

అది ప్రశ్నలో లేదన్నాను.

"లేదు. నేనడుగుతున్నాను. నీకు ఈ ఉద్యోగం ఎందుకు? ఎవరినో తీసెయ్యమని చక్కటి వాక్యాల్లో చెప్పడానికా?"

జవాబు మనసులో సిద్ధం చేసుకుంటూ ఉండిపోయాను. వారు ఈసారి బల్ల మీద కొట్టలేదు. కాగితం మడిచి కవర్లో పెట్టి లేచి వెళ్లిపోయారు. ఆ తరువాత పది రోజులకి పైగా మేము మాట్లాడుకోలేదు. మొదటి విడతకి ఒక్కదాన్నే గోడకి చెప్పుకుని వెళ్లాను. గోడ అడ్డం పడదు.

చేతిరాత అడిగావు. వారు రాయరు.

ఇంటికి వచ్చే పోస్టు గురించి నువ్వు కంగారుపడకు. అది నా బాధ్యత.

నత్తగుల్ల


పేపరు మిల్లు గెస్ట్‌హౌస్

నత్తగుల్లా,

దాటావు. ఇది సమాచారం కాదు, మెచ్చుకోలు. ఉంచుకో, మళ్లీ దొరకదు.

"నువ్వు ఎక్కడున్నావు" అన్నారా? నీ వారు కూడా అదే అడిగారు, నీకు అర్థం కాలేదు. ఆ మనిషి నీకు సీనియర్ ఇంటర్వ్యూ ముందే పెట్టాడు, నువ్వు ఫెయిలయ్యావు. వెళ్లి బతిమాలుకో. నాకంటే ఆ మనిషి నీకు ఎక్కువ అవసరం. అలిగితే కాళ్లు పట్టుకో, ఆ కాళ్లు ఎవరివైనా సరే.

కవర్లో ఈసారి కేసు లేదు. ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటి ఉంది. ఈ పనిలోకి వచ్చేవాళ్లని నేను అడిగేది అదే. అడిగిన ప్రతిసారీ వాళ్ల జవాబు కంటే ముందు నాది నాకు వినిపిస్తుంది. నాకు నచ్చేలా చెప్పాలని చూడకు. చూస్తే పసిగట్టేస్తాను.

నీ జవాబు, వారి మాట, రెండూ ఉన్నదున్నట్టు రాయి. దిద్దకు.

చిన్నత్త


ఇల్లు, వంటగది బల్ల

చిన్నత్తా,

ఈ ఉదయం లేచి వచ్చేసరికి నా కుర్చీ గోడకీ బల్లకీ మధ్య ఇరికించి ఉంది. నేను బతిమాలలేదు. పెన్సిలు చెక్కి పక్కన పెట్టి ఉంది.

వారు కవరు చింపి చదవడం మొదలుపెట్టారు. "మీరు ఒక కంపెనీ లెక్కలు చూస్తున్నారు. ఒక చోట పని మూసెయ్యాలని తేలింది. ఆ సంగతి బయటికి చెప్పనని సంతకం పెట్టారు. అక్కడ పనిచేసే మీ సొంత మనిషి ఆ వారం మిమ్మల్ని భోజనానికి పిలిచాడు." అక్కడ ఆగారు. లేచి కుళాయి తిప్పి నీళ్లు తాగారు. కుళాయి కట్టేశారు. అది కారకుండా ఇంకోసారి బిగించారు. వచ్చి కూర్చుని మిగతా ముక్క చదివారు. "మీరు ఏం చేస్తారు?"

నేను కూర్చునే ఉన్నాను. పైకి ఆలోచించాను. దిద్దకుండా రాయమన్నావు కనక రాస్తున్నాను.

"ముందు జవాబు. భోజనానికి వెళ్లను. ఎందుకంటే, వెళ్లి చెప్పకుండా తింటే అబద్ధం. వెళ్లి చెబితే సంతకం అబద్ధం. కానీ ఆగండి, వెళ్లకపోతే మాత్రం? పిలిచినవాళ్లు ఎందుకు రాలేదని అడుగుతారు. అప్పుడు ఇంకో అబద్ధం. కాబట్టి నా జవాబు తప్పు. వెనక్కి వెళ్తాను. ఇది ఆ వారం తేలేది కాదు. లెక్కలు చేతికిచ్చిన మొదటి రోజే అక్కడ మా మనిషి పనిచేస్తున్నాడని పైవాళ్లకి చెప్పి, ఆ పని నుంచి తప్పుకుంటాను. తప్పుకుంటే నాకు లెక్క తెలియదు. తెలియకపోతే భోజనానికి వెళ్లొచ్చు."

"తప్పుకోనివ్వకపోతే?" అన్నారు.

"అప్పుడు వెళ్లి, 'నేను చెప్పకూడనిది ఒకటి ఉంది, అందుకని ఈ వారం మీ ఇంట్లో తినలేను,' అంటాను. ఏమిటో చెప్పను. ఉందని చెబుతాను."

వారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తరువాత వారు అన్న మాట ఇది.

"జవాబు నిలబడుతుంది. కానీ నువ్వు మొదటి నుంచి చివరి దాకా తినడానికి వెళ్లినవాళ్ల వైపు నుంచే ఆలోచించావు. వడ్డించినవాడు ఉన్నాడు కదా. గేటు దగ్గర నిలబడ్డప్పుడు వాడికి ఉద్యోగం పోయిందనిపించదు. ఆ రోజు ఏమేం మాట్లాడుకున్నామో, ఎందుకు నవ్వామో, ఒక్కొక్కటీ వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు. అది చెప్పు. అది చెబితే నువ్వు అందులో ఉంటావు."

చివరి విడత వచ్చే వారం.

నత్తగుల్ల


పేపరు మిల్లు, నీళ్ల ట్యాంకు పక్కన

అమ్మా,

నీ ఉత్తరం మేడ మీదికి తెచ్చుకుని చదివాను. గదిలో చదవలేకపోయాను. ఫోన్ చేద్దామని నంబరు నొక్కి, ఎవరు ఎత్తుతారో తెలియక ఆపేశాను.

ఆ రోజు అన్నయ్య నాకు రెండోసారి వడ్డించాడు. వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతాడని తిన్నాను. వాడు అది కూడా వెనక్కి వెళ్లి వెతుక్కుని ఉంటాడా?

నీ వారెవరో నేనిక అడగను. ఎవరైనా సరే, ఇది ఊరికే తట్టే మాట కాదు. ఎక్కడో నిలబడి ఉన్నవాళ్లకే తెలుస్తుంది. నా తరఫున ఒక నమస్కారం చెప్పు.

ఇంటర్వ్యూకి నేను చెప్పేది ఒక్కటే. నీకు తెలియనిది తెలియదని పైకి చెప్పు. తప్పు చేస్తే తప్పని పైకి చెప్పు. వాళ్లు నీతో పాటు నడవాలి. అంతే. బూట్లు కొత్తవి వేసుకోకు, కరుస్తాయి.

చిన్నత్త


ఇల్లు, వంటగది బల్ల

చిన్నత్తా,

ఈ ఉదయం గడియారం ఆగిపోయి ఉంది. ఎవరూ కీ ఇవ్వలేదు. అందరం టైము ఒకరినొకరం అడుగుతూ తిరిగాం.

ముందు జవాబు. ఉద్యోగం వచ్చింది.

ఎందుకంటే, లేచి నిలబడ్డాను. సీనియర్ నా పేరు పిలవగానే మళ్లీ లేచాను. అక్కడ కుర్చీకి గోడ లేదు. చేతులు వెనక్కి వెళ్లబోతుంటే నువ్వు రాసింది గుర్తొచ్చి, పైకే చెప్పాను. "లేచి నిలబడ్డాను. కాన్వెంటు అలవాటు. ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తాను." ఆయన నవ్వలేదు. "నేనూ అలాంటి బడిలోనే చదివాను, కూర్చో," అన్నారు.

పరుపుల కంపెనీ కేసు. రెండు ఫ్యాక్టరీలు, తిరిగొస్తున్న పరుపులు ఎక్కువ. మొదటే అడిగాను, యజమానికి ఏం కావాలని. మధ్యలో లెక్కలో ఒక సున్నా ఎక్కువ పడింది.  "ఇక్కడ సున్నా ఎక్కువైంది, ఇన్ని పరుపులు ఊరంతా పడుకున్నా చాలవు, వెనక్కి వెళ్తున్నాను," అని పైకే అన్నాను. ఆయన పక్కన కూర్చుని రాసుకుంటున్నావిడ తలెత్తింది. దారి సరిచేసుకుని ముందుకి వెళ్లాను. పాత ఫ్యాక్టరీ మూసెయ్యాలని తేలింది. ఎటు నుంచి చూసినా అదే వచ్చింది. అదే చెప్పాను.

"అంతేనా?" అన్నారు ఆయన.

"ఇంకొకటి ఉంది. అది మీరు అడగలేదు. మూసెయ్యడం సరైనదే. కానీ అక్కడి వాళ్లు గేటు మీది కాగితం చదివి తెలుసుకోకూడదు. ఎదురుగా నిలబడి ఎవరైనా చెప్పాలి. లేకపోతే అంతకు ముందు వాళ్లతో గడిపిన రోజులన్నీ వాళ్లకి అబద్ధాలైపోతాయి."

ఆయన పెన్ను మూత పెట్టి, "నీకు తెలిసిన సంగతా?" అన్నారు.

"మా ఇంట్లో సంగతి," అన్నాను. గొంతు వాక్యం సగంలో దిగలేదు.

ఇంకేమీ అడగలేదు. సాయంత్రం పిలిచి చెప్పారు.

నీ నమస్కారం వారికి చెప్పాను. అందుకున్నారు. నీ చివరి ప్రశ్న కాగితం వారి దగ్గరే ఉంది, తిరిగివ్వలేదు. నిన్న దాన్ని ముందు పెట్టుకుని, వడ్డించినవాడి వైపు నుంచి తన జవాబు కూడా రాయమన్నారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆ తిన్నావిడకి కూడా ఆ రోజు ముద్ద దిగి ఉండదు. అది నాకు ఈ కాగితం చదివేదాకా తట్టలేదు. మళ్లీ భోజనానికి పిలవాలి. ఈసారి దాచాల్సింది ఏమీ లేదు కనక తీరిగ్గా తినొచ్చు. రెండోసారి వడ్డిస్తే వద్దనొచ్చు."

ఆదివారం మధ్యాహ్నం.

నీకు ఒక సంగతి రాయలేదు. ప్రశ్నలు చదివేటప్పుడు వారు కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పైకి చదువుతారు.

నత్తగుల్ల